వేడినీళ్ళ పాఠం

ఆగస్టు 4, సోమవారం

మా మిషను ఆసుపత్రి కమిటీ నన్ను డైరెక్టరును చేసింది. జీతం పెరగలేదు, బల్ల మారలేదు, కుర్చీకి ఊడిన చక్రం తిరిగి రాలేదు. పేరు మాత్రం గదిలో పట్టనంత పొడుగు: వైద్య మిషనరీ శిక్షణా కార్యక్రమ సంచాలకురాలు. ఇన్నేళ్ళూ నర్సింగు పిల్లలకు పక్క పరవడం, కట్టు కట్టడం నేర్పినదాన్ని ఇకమీదట మా అడ్వెంటిస్టు సంఘ సభ్యులకు ఇంటింటికీ వెళ్ళి రోగులకు సేవ చెయ్యడం ఎలాగో నేర్పాలి. ఆరు వారాల కోర్సు. సిలబస్సు నేనే రాయాలి, బల్లలు కూడా నేనే తుడవాలి.

"వైద్య పరిచర్య మన సువార్తకు కుడిచెయ్యి అమ్మా" అన్నారు పాస్టరుగారు. ఆ కుడిచేతికి ఇచ్చిన గది ఆసుపత్రి వెనక మూతబడ్డ లాండ్రీ. రెండు కుళాయిలున్నాయి. ఒకటి ఆగకుండా కారుతుంది, రెండోది ఎంత బతిమాలినా కారదు. థర్మామీటరు అడిగాను, స్నానం నీళ్ళ వేడి చూసే రకం. ప్రార్థనాపూర్వకంగా ఆలోచిస్తామన్నారు.

తీర్మానంలో ఒక వాక్యం చేర్చారు: "డైరెక్టరు మన ఆరోగ్య సందేశానికి సజీవ సాక్ష్యంగా ఉండవలెను." అందరూ నా వైపు చూసి తలలూపారు. నిజమే, మాంసం ముట్టను, పెందలాడే పడుకుంటాను, కాఫీ తాగను. కాఫీ సంగతి వంటింటి పై అరకూ నాకూ మాత్రమే తెలుసు.

షుగర్ సంగతి ఆ అరకు కూడా తెలియదు. రెండేళ్ళ కిందట ఊరి ఆ చివర ల్యాబులో చూపించుకున్నాను. కొంచెమే. మాత్రలు హ్యాండ్‌బ్యాగులో పిప్పరమెంటు డబ్బాలో ఉంటాయి, గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాను. ఇది కమిటీ చెవిన పడితే కోర్సు నేరుగా బొగ్గు తాతగారికి పోతుంది. ఆయన రిటైరైన మిషనరీ, మంచివాడు. తేలు కుట్టినా, జ్వరమొచ్చినా, అల్లుడు అలిగినా ఆయన దగ్గర ఒకటే మందు: బొగ్గుపొడి పట్టీ. ఆరు వారాలూ జనం నల్లచేతులతో తిరుగుతారు.

ఆగస్టు 7, గురువారం

వరండాలో నడుస్తుంటే వెనకనుంచి నర్సు పరిగెత్తుకొచ్చింది. "మేడమ్, మీ చెప్పు!" ఎడమ చెప్పు ఎక్కడో మందుల గది దగ్గర జారిపోయిందట. నేను ఒంటి చెప్పుతో ఆఫీసు దాకా వచ్చేశాను. చూసినవాళ్ళు నా ధ్యాసంతా సేవ మీదే అనుకున్నారు. అనుకోనీ.

పట్టీ వదులైంది. కొత్త చెప్పులు కొనాలి.

ఆగస్టు 9, శనివారం, సూర్యాస్తమయం తరువాత

సబ్బాతు. విశ్రాంతి దినం గనక పొద్దుట సబ్బాతు బడి, తరువాత ఆరాధన, ఆపైన అందరం కలిసి భోజనం, మధ్యాహ్నం యువజన సభ, సాయంత్రం వాక్యపఠనం. విశ్రాంతి తీసుకుని తీసుకుని ఒళ్ళు పులిసిపోయింది.

ఆగస్టు 13, బుధవారం

అయిదో పాఠం రాశాను. వేడినీళ్ళ పాదస్నానం. జలుబుకు, తలనొప్పికి, నిద్రపట్టనివాళ్ళకు ఖర్చులేని వైద్యం. చన్నీళ్ళలో ముంచిన గుడ్డ నుదుటి మీద, పాదాలు వేడినీళ్ళలో, మెడ దాకా దుప్పటి. మొదటి నియమం కింద రెండుసార్లు గీత గీశాను: "ముందుగా రోగిని అడగాలి, షుగర్ ఉందా? ఉంటే వేడినీళ్ళు పనికిరావు. పాదాలకు స్పర్శ తగ్గి, కాలుతున్నా తెలియకపోవచ్చు."

రాస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. చివరి ఏడాది మోకాలి కిందనుంచి దుప్పటి చదునుగా ఉండేది. నేనే మడత సరిచేసేదాన్ని.

ఇవాళ్టికి చాలు.

ఆగస్టు 18, సోమవారం

ట్రయల్ బ్యాచీలో ముగ్గురు. ఒకాయన బస్సు డ్రైవరు, ప్రార్థనకు కళ్ళు మూస్తే తెరవడు, గురక వినిపిస్తేగాని మనకు తేడా తెలియదు. ఇంకొకాయన రిటైరైన గుమాస్తా, ప్రతి మాటకూ "రూలు ప్రకారమేనా?" అంటాడు. మూడో ఆమె కుట్టుమిషను. వృత్తి దర్జీ పని, ఇద్దరు పిల్లల తల్లి, నోరు కూడా అదే యంత్రం. తొక్కడం మొదలుపెడితే దారం తెగేదాకా ఆగదు.

"అమ్మగారూ, మా అత్తగారు ఒప్పుకోలేదండీ. ఆరు వారాలు కొట్టు మూస్తే గిరాకీ ఎవరిస్తారంది. నేనన్నాను, అత్తయ్యా, నాకు చిన్నప్పటినుంచి రోగులంటే ప్రాణం అన్నాను. అయితే ఒక్కసారే, నీ వల్ల కాకపోతే మళ్ళీ ఈ మాట ఎత్తొద్దు అంది. నేను సరేనన్నాను. అమ్మగారూ, కాపడం గుడ్డ ఎంతసేపుంచాలి? మీరు చెప్పారు కానీ నేను మాట్లాడుతున్నాను, వినలేదు."

పట్టుకున్న గుడ్డ ఎంత పొందికగా పిండిందో! చుక్క కారలేదు. మంచి చెయ్యి. నోటికి కూడా ఒక బొత్తాం కుట్టుకుంటే ఎక్కడికో వెళ్ళిపోతుంది.

ఆగస్టు 24, ఆదివారం

బుధవారం కమిటీ వస్తుందట. పాదస్నానం చేసి చూపించాలి. నచ్చితే కోర్సు, నచ్చకపోతే బొగ్గు.

కాఫీ మానేశాను. మధ్యాహ్నం నుంచి.

ఆగస్టు 27, బుధవారం

కార్యక్రమం మంజూరైంది! సెప్టెంబరు ఎనిమిదిన మొదలు.

రోగిగా కూర్చోవాల్సిన బొగ్గు తాతగారు ఆఖరి నిమిషంలో కమిటీ వరుసలోకి మారిపోయారు. "నేను రోగినైతే నా అభిప్రాయం ఎవరు రాస్తారమ్మా?" అన్నారు. డ్రైవరుకు కాలివేళ్ళ సందుల్లో పుళ్ళు. గుమాస్తా రిటైరైనా సరే, రూలు ప్రకారం పనివేళల్లో బూట్లు విప్పడు. అందరూ గడియారం చూస్తున్నారు. చేసేది లేక నేనే కూర్చున్నాను.

కుట్టుమిషను నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నేను నేర్పినట్టే, గొంతు సవరించుకుని అడిగింది. "అమ్మా, మీకు షుగర్ ఉందా?"

పాస్టరుగారి చేతిలో పెన్ను. కమిటీలో ఉన్న మా ఆసుపత్రి డాక్టరుగారి చూపు నా మీద. తాతగారు ముందుకు వంగారు.

"లేదు."

"పాదాలకు తిమ్మిరి, మొద్దుబారడం?"

"లేదమ్మా." అని కమిటీ వైపు తిరిగాను. "చూశారా, ప్రతి ఒక్కరినీ ఇలాగే అడిగి తీరాలి." అబద్ధం చెప్పి, దాన్నే పాఠం చేసి, మార్కులు కూడా వేసుకున్నాను.

నీళ్ళు పోసింది. మోచెయ్యి ముంచి చూసింది. "కొంచెం ఎక్కువైందేమోనండీ."

"హాయిగా ఉంది. ఇంకొంచెం పొయ్యి."

"అమ్మగారూ, నా మోచేతికే చురుక్కుమంటోంది."

"రోగి ఎవరు, నువ్వా నేనా?" అన్నాను. కమిటీ నవ్వింది. ఆమె పోసింది. తరువాత చన్నీళ్ళు చిలకరించి, తువ్వాలు చుట్టి, వేళ్ళ సందులు కూడా ఒత్తింది. పాస్టరుగారు చప్పట్లు కొట్టారు. తాతగారు సైతం కొట్టారు, బొగ్గు రాలకుండా.

రాత్రి మేజోళ్ళు విప్పితే కుడి పాదం మీద రెండు బొబ్బలు. నొప్పి అసలు లేదు. నొప్పి లేదంటే పెద్దగా కాలలేదనేగా అర్థం.

ఆగస్టు 28, గురువారం

మూడు బొబ్బలు.

ఆగస్టు 30, శనివారం

"స్టోరులో కాలిన గాయాల పూత తగ్గింది. ఎవరికి కాలింది?" అన్నారు మా ఆయన. ఆసుపత్రి స్టోరు ఆయన చేతిలో ఉంది. పెళ్ళయిన రోజునుంచీ ఆయన అడిగే ప్రశ్నలన్నీ ఇలా సరుకుల మీదే.

"ఎవరికీ కాలలేదు."

"సరే" అన్నారు. ఆయన "సరే" వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

సెప్టెంబరు 1, సోమవారం

పదో పాఠం: ప్రకృతి సిద్ధమైన జీవనం. విశ్రాంతి, నీరు, నమ్మకం. బాగా వచ్చింది. చదువుతుంటే నాకే నామీద గౌరవం కలిగింది. గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఎందుకెరగదు, ఎరిగే మేజోడు తొడుక్కుంటుంది.

సెప్టెంబరు 4, గురువారం

కొంచెం వాసన వస్తోంది. ఈ గదిలో తేమ ఎక్కువ.

భయంగా ఉంది. రాశాను గనక ఇక చాలు.

సెప్టెంబరు 5, శుక్రవారం

రేపు ప్రభుభోజనం. మూడు నెలలకొకసారి వస్తుంది. రొట్టెకు ముందు పాద పరిచర్య, మగవాళ్ళు ఒక గదిలో, ఆడవాళ్ళు ఒక గదిలో, ఒకరి కాళ్ళు ఒకరు కడగాలి. ఏడాది నుంచి నేను తెలివిగా తప్పించుకుంటున్నాను. అందరి బేసిన్లలో నీళ్ళు సర్దుతాను, తువ్వాళ్ళు అందిస్తాను. "ఎంత వినయం" అంటారు. రేపు కూడా అంతే.

సెప్టెంబరు 6, శనివారం, సూర్యాస్తమయం తరువాత

వరసగా రాస్తాను.

చిన్నపిల్లల సబ్బాతు బడి గది. మోకాలెత్తు కుర్చీలు. నేను కూజా పట్టుకుని తిరుగుతున్నాను. కుట్టుమిషను బేసినూ తువ్వాలూ పట్టుకుని ఎదురొచ్చింది. "అమ్మగారూ, మీ కాళ్ళు నేనే కడుగుతానండీ. నేర్పింది మీరు, సోమవారం కోర్సు, నాకు దీవెనగా ఉంటుంది."

"నేను నీళ్ళు సర్దాలి తల్లీ."

"ఎప్పుడు చూసినా మీరు నీళ్ళే సర్దుతారు" అంది పాస్టరమ్మ నా చేతిలో కూజా లాక్కుంటూ. "ఈసారి కూర్చోండి." గదిలో అందరూ చూస్తున్నారు. మా దగ్గర కాళ్ళు ఇవ్వనంటే ఎదుటి మనిషి మీద మనసులో ఏదో ఉన్నట్టే లెక్క. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కూర్చున్నాను. ఎడమ కాలు ముందుకు పెట్టాను. కడిగింది, తుడిచింది. రెండోది తనే పట్టుకుని మేజోడు లాగింది. అది ఊడి రాలేదు. తడిపి, నెమ్మదిగా ఒలిచింది.

కుట్టుమిషను ఆగిపోయింది. 

"ఇది ఆరోజుదే కదండీ" అంది చివరికి. "నేనే కాల్చేశాను."

పాస్టరమ్మ కేకేసింది. డాక్టరుగారు మగవాళ్ళ గదిలోంచి ఒక కాలు తడితోనే వచ్చారు. చూశారు. ముఖం మారిపోయింది. "నీళ్ళు పోసిందెవరు?"

"నేనేనండీ."

"షుగర్ ఉందా అని ముందు అడగలేదా?"

ఆమె నన్ను చూసింది. నేను తువ్వాలు అంచు చూశాను.

"సరిగ్గా అడగలేదేమోనండీ" అంది.

నన్ను కాపాడింది. నేను కాపాడనిచ్చాను. రక్తం తీసి చూస్తే షుగర్ ఉండవలసినదానికి రెట్టింపు. "ఎప్పటినుంచి?" అన్నారు డాక్టరుగారు. "ఇవాళేగా తెలిసింది" అన్నాను. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోనే ఉంది, పిప్పరమెంటు డబ్బాతో సహా.

"కాలు ఉంటుందా?" అన్నాను.

"ఉంటుంది, మీరు మాట వింటే. ఆ మాట వినడం మీదే నాకు నమ్మకం లేదు."

ఇంతటితో అయిపోతే బాగుండేది. గోరుచుట్టు మీద రోకలిపోటు, పాస్టరుగారు ప్రసంగం మార్చేశారు. కాళ్ళు ఉడికిపోతున్నా, విద్యార్థిని మనసు నొచ్చుకుంటుందని నోరు మెదపని సహనం గురించి అరగంట చెప్పారు. ముందు వరుసలో ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. నేనిప్పుడు మామూలు సజీవ సాక్ష్యాన్ని కాను, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చే హతసాక్షిని. నా మొద్దుబారిన పాదానికి ఓర్పు అని పేరు పెట్టారు. నేను తల వంచుకున్నాను. దాన్ని కూడా వినయమే అనుకున్నారు.

కుట్టుమిషను రొట్టె తీసుకోకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం పాస్టరమ్మతో కబురు పంపింది, ఇక కోర్సుకు రానని. "పోనీలెండి, ఆ అమ్మాయి చెయ్యి ప్రమాదం. కమిటీ కూడా పక్కన పెడదామనే అంటోంది" అన్నారు పాస్టరుగారు.

మరీ సున్నితమైన మనిషి. ఈ పనికి గుండె ధైర్యం ఉండాలి. ఒక విధంగా ఆమెకే మంచిది.

సెప్టెంబరు 7, ఆదివారం, పొద్దున

పైన రాసిన ఆఖరి మూడు వాక్యాలు ఇప్పుడు చదివాను. సిగ్గేసింది. కొట్టెయ్యను, ఉండనీ.

అదే రోజు, సాయంత్రం

టిఫిను బల్ల దగ్గర మా ఆయన కట్టు మార్చారు.  గాజుగుడ్డ మడిచి పెట్టి, కత్తెర తుడిచి, అప్పుడు అన్నారు. "ఆ పిప్పరమెంటు డబ్బా రెండేళ్ళ నుంచి చూస్తున్నాను. ఒక్కసారి కూడా నాకు పెట్టలేదు."

"తెలుసా మీకు?"

"స్టోరు నాది. రేకు చూస్తే మాత్ర తెలియదా? నువ్వే చెప్తావనుకున్నాను."

"రెండేళ్ళు అనుకుంటూ కూర్చున్నారా?"

"నువ్వు రెండేళ్ళు దాచుకుంటూ కూర్చున్నావు. నాకు నీకన్నా పెద్ద పనేముంది?" అన్నారు. తరువాత నెమ్మదిగా, "మీ అమ్మగారిలా చేసుకోకు" అన్నారు. అప్పుడు ఏడ్చాను. భయంతోనే ఏడ్చాను, పశ్చాత్తాపం అని చెప్పుకోను.

ఆయన స్కూటరు మీద కుట్టుమిషను ఇంటికి వెళ్ళాం. ముందు గదే కొట్టు. నిజంగానే మిషను తొక్కుతోంది, పరదా గుడ్డ. లోపలినుంచి వాళ్ళ అత్తగారు తొంగి చూసి, "ఇదుగో, మీ గురువుగారొచ్చారు. కాళ్ళు జాగ్రత్తమ్మా, మా కోడలి దగ్గర" అంది. కోడలు తల వంచుకుంది.

"నాకు షుగర్ ఉంది" అన్నాను, గుమ్మంలోనే. "రెండేళ్ళనుంచి. నువ్వు అడిగావు, సరిగ్గానే అడిగావు. నేను లేదన్నాను. నీళ్ళ వేడి ఎక్కువైందని కూడా చెప్పావు. పొయ్యమన్నది నేను."

వెంటనే నా కాళ్ళ మీద పడి ఏడుస్తుందనుకున్నాను. ప్రసంగాలు విని విని నా బుర్ర అలా తయారైంది.

ఆమె లేచి నిలబడింది. "నిన్న డాక్టరుగారు అడిగినప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదండీ."

"ఉన్నాను."

"నేను నిన్నటినుంచి అన్నం తినలేదు. నా చేతులు చూసుకుని ఏడ్చాను. నా పిల్లలకు స్నానం చేయించడానికి భయపడ్డాను, నీళ్ళ వేడి ఎక్కువైతేనో అని. మీరు లేదంటే నేను నమ్మాను, ఎందుకంటే మీరు. ఇంకొకరైతే నేను పోసేదాన్నే కాదు, నా మోచెయ్యి నాకు చెప్పింది. ఇప్పుడొచ్చి ఇక్కడ చెప్తే ఏం లాభమండీ? మా అత్తయ్యకు, నాకు, ఈ మిషనుకు తెలిసింది. చర్చిలో అంతమందికి ఎవరు చెప్తారు?"

ఆమె కూర్చోమని కూడా అనలేదు. వాళ్ళ అత్తగారు మాత్రం కుర్చీ తెచ్చి వేసింది. "అడిగిందా అమ్మా, నా కోడలు?" అంది నాతో. "అడిగిందమ్మా" అన్నాను. "మరి అదీ" అని కోడలి వైపు చూసి లోపలికి పోయింది.

ఇంటికొచ్చి పాస్టరుగారికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. 

"మరి నిన్న నేను చేసిన ప్రసంగం?" అన్నారు.

"బాగుందండీ. అందులో నేనే లేను."

కమిటీకి చెప్పాలన్నారు. చెప్పమన్నాను. రేపు పొద్దున అందరి ముందూ నేనే చెప్తాను, ఆ తరువాత తీసేస్తే తీసెయ్యండన్నాను. గంట తరువాత బొగ్గు తాతగారు ఫోన్ చేశారు. కోర్సు తీసుకుంటానంటారని సిద్ధపడ్డాను. "బొగ్గు పట్టీ వేసుకో తల్లీ" అన్నారు మామూలుగా. తరువాత గొంతు తగ్గించి, "మాత్ర కూడా మానకు. నేను మానను. బొగ్గు డబ్బాలోనే ఉంటాయి నావి" అన్నారు.

సెప్టెంబరు 8, సోమవారం

లాండ్రీ గది నిండింది. ఇరవై కుర్చీలు వేస్తే గోడవార నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. ప్రసంగం మహిమ, హతసాక్షిని చూడటానికి వచ్చారు. కమిటీ వెనక వరుసలో. నా డైరెక్టరు పదవి వచ్చే సమావేశం దాకా "పరిశీలనలో" ఉందట. థర్మామీటరు మాత్రం బల్ల మీద ఉంది, కొత్తది. మా ఆయన ఎప్పుడు తెచ్చి పెట్టారో తెలియదు.

మొదటి వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచాను. ప్రార్థన అయ్యింది, డ్రైవరును లేపారు. ఖాళీగానే ఉంది.

కట్టు ఉన్న కాలు స్టూలు మీద పెట్టుకుని మొదలుపెట్టాను. షుగర్ సంగతి, రెండేళ్ళు, ల్యాబు, డబ్బా, పాదస్నానం చేసి చూపించిన రోజు అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు, శనివారం నోరు మూసుకున్న సంగతి. అలంకారాలేమీ పెట్టలేదు. ముందు వరుస ముసలమ్మ ఒకావిడ, "అయితే మేం ఊరికే ఏడ్చామా?" అంది. అవునన్నాను. కాఫీ గురించి చెప్పలేదు. ఒక్క రోజుకు ఇంతకన్నా పవిత్రురాలిని కాలేను.

తలెత్తితే గుమ్మంలో కుట్టుమిషను. ఎంతసేపటినుంచి ఉందో. వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చోలేదు. నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని, కాలే కెటిల్ లోంచి బేసినులోకి నీళ్ళు వంచి, చన్నీళ్ళు కలిపి తెచ్చింది. నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.  ముఖంలో కోపం అలాగే ఉంది, దాచుకోలేదు.

"అమ్మా, మీకు షుగర్ ఉందా?"

"ఉంది."

"పాదాలకు మొద్దుబారడం?"

"ఉంది. రెండూ."

"అయితే మీకు పాదస్నానం ఇవ్వనండీ" అంది, గది చివరిదాకా వినిపించేలా. బేసిను నా కాలికి అందనంత దూరం జరిపింది. "చెయ్యి పెట్టండి."

పెట్టాను. థర్మామీటరు తీసి నీళ్ళలో ఒక పక్కన వేసింది, కానీ అంకె చూడలేదు. నన్నే చూస్తోంది.

"ఎలా ఉన్నాయి నీళ్ళు?"

చేతికి గోరువెచ్చగానే తగిలాయి. కానీ ఇన్నాళ్ళూ తెలుసు తెలుసు అంటూనే ఇక్కడిదాకా వచ్చాను.

"నా మాట మీద పొయ్యకు తల్లీ" అన్నాను. "నువ్వే చూసి చెప్పు."

ఆమె మోచెయ్యి ముంచింది.